పాఠం చెప్పడం మానేస్తేనే పెరిగే జీతం

ఈమధ్య ఒక లెక్కల ఉపాధ్యాయురాలి పదవీ విరమణ సభకు వెళ్ళాను. మాట్లాడినవారిలో ఒక పెద్దమనిషి ఆమె పాఠం చెప్పే తీరును, వెనకబడిన పిల్లలను చేరదీసిన ఓర్పును మనసారా మెచ్చుకుని, చివరికి "ఇంత సమర్థురాలై ఉండి కూడా ఈవిడ టీచరుగానే రిటైరవుతున్నారు, నాకు అదొక్కటే వెలితి" అన్నారు. సభలో చాలామంది సానుభూతిగా తలలూపారు. ఆమె నవ్వి ఊరుకున్నారు. శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు ఆఖరి రోజు దాకా శస్త్రచికిత్సలే చేసి విరమిస్తే అయ్యో అనేవారు ఉండరు. పాఠం చెప్పేవారి విషయంలో మాత్రం, పాఠం చెబుతూనే ఉండిపోవడం ఏదో అందుకోలేకపోవడంగా కనిపిస్తుంది.

ఆ పెద్దమనిషిని తప్పుపట్టి లాభం లేదు. ఆయన అన్నది జీతాల పట్టిక ఎప్పటినుంచో అంటున్న మాటే. కొన్నాళ్ళు తరగతిలోనూ, ఆ తర్వాత కొన్నాళ్ళు ఆఫీసులో జీతాల బిల్లులు సరిచూసే పనిలోనూ ఉన్నవాడిగా నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఉపాధ్యాయులకు ఎంత ఇవ్వాలన్న దాని మీద ఎన్నో వాదాలు జరుగుతుంటాయి. ఆ జీతం దేన్ని చూసి పెరుగుతుంది, ఎక్కడికి వెళ్ళి ఆగుతుంది, ఆగాక మనిషిని ఎటు నెడుతుంది అన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. బాగా పాఠం చెప్పేవారు ఒక దశ దాటాక మరో రూపాయో డాలరో ఎక్కువ సంపాదించాలంటే తరగతి గది వదిలి పరిపాలనలోకి వెళ్ళక తప్పని ఏర్పాటు ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. ఈ ఏర్పాటు ఉన్నంతకాలం, మొత్తాలు ఎంత పెంచినా ఆ పెంపులో సగం వృథా అని నేనంటాను. ఇది తేలిగ్గా తేలే వాదన కాదు, అందుకే కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

మెట్ల పట్టికకు ఒక న్యాయం ఉంది

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. సర్వీసును బట్టి, చదువును బట్టి పెరిగే ఇంక్రిమెంట్ల పట్టికను బద్ధకస్తుల కవచంగా చూసేవారితో నేను ఏకీభవించను. అమెరికాలో 1921లో డెన్వర్, డి మోయిన్ నగరాలు ఉపాధ్యాయులందరికీ ఒకే వేతన పట్టికను తెచ్చాయి. అంతకుముందు చిన్న తరగతులకు చెప్పేవారికి తక్కువ, పెద్ద తరగతులకు చెప్పేవారికి ఎక్కువ ఇచ్చేవారు. చిన్న తరగతుల్లో ఎక్కువమంది స్త్రీలు, పెద్ద తరగతుల్లో ఎక్కువమంది పురుషులు కావడం వల్ల ఆ తేడా ఎవరి మీద పడిందో వేరే చెప్పనక్కరలేదు. ఆడవారికీ మగవారికీ ఒకే పనికి వేర్వేరు జీతాలిచ్చే పద్ధతి ఇంగ్లండు పాఠశాలల్లో పూర్తిగా తొలగిపోయింది 1961లో. అధికారి ముఖం చూసి, బంధుత్వం చూసి, రంగు చూసి జీతాలు నిర్ణయించే కాలంలో, ‘ఇన్నేళ్ళ సర్వీసు, ఈ డిగ్రీ, ఇంత జీతం’ అని కాగితం మీద రాసిపెట్టడం సామాన్యమైన సంస్కరణ కాదు. తానంటే గిట్టని ప్రధానోపాధ్యాయుడు కూడా ఉపాధ్యాయుడి జీతంలో ఆ అంకెను తగ్గించలేడు.

అయితే ఆ రక్షణకు మూల్యం కూడా అందులోనే ఉంది. పక్షపాతానికి చోటు లేకుండా చేయాలంటే పనిని చూసి నిర్ణయించే ప్రతి అంశాన్నీ పట్టికలోంచి తీసివేయాలి, తీసివేశారు. మిగిలినవి కాలం, సర్టిఫికెట్టు. పక్కపక్క గదుల్లో పాఠం చెప్పే ఇద్దరిలో ఒకరి తరగతిలో పిల్లలు ప్రశ్నలు అడుగుతూ ఉండవచ్చు, మరొకరి తరగతిలో నోట్సు దించుకుంటూ ఉండవచ్చు. సర్వీసు రిజిస్టర్లో ఇద్దరి పేజీలూ ఒక్కలాగే ఉంటాయి. నేను చూసిన రిజిస్టర్లలో చేరిన తేదీ, ఇంక్రిమెంటు తేదీ, సెలవులు, సంతకాలు తప్ప ఆ మనిషి ఏం బోధించారో చెప్పే వరుస ఒక్కటీ లేదు.

ఆ మెట్లు ఎన్ని ఉండాలన్న దాని మీద కూడా దేశానికో లెక్క. స్కాట్లండులో సాధారణ ఉపాధ్యాయుల స్కేలు కొద్ది ఏళ్ళలోనే చివరి మెట్టుకు చేరుస్తుంది. దక్షిణ కొరియాలో ఆ చివరి మెట్టుకు 37 ఏళ్ళు పడుతుంది, అంటే దాదాపు ఉద్యోగజీవితమంతా. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి 1966 అక్టోబరు 5న ఆమోదించిన సిఫారసు పత్రం, కనిష్ఠం నుంచి గరిష్ఠానికి చేరడానికి పది పదిహేనేళ్ళకు మించి పట్టకూడదంటుంది. ఏటా ఆ తేదీన ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవ సందేశాలు పంపుకునేవారిలో ఆ పత్రంలోని ఈ వాక్యాన్ని చదివినవారు ఎందరో నాకు అనుమానమే. నా ప్రశ్న వేరు. ఐదేళ్ళకో, పదిహేనేళ్ళకో, ముప్పైయేడేళ్ళకో చివరి మెట్టు చేరిన తర్వాత ఏమిటి? నలభై ఏళ్ళ వయసులో స్కేలు చివరికి చేరిన మనిషికి ఇంకా రెండు దశాబ్దాల ఉద్యోగం ఉంటుంది. ఆ రెండు దశాబ్దాలూ ధరలకు తగ్గట్టు సవరించే భత్యాలు తప్ప ఎదుగుదల అంటూ కనబడేది ఒక్క దారిలోనే: ఉప ప్రధానోపాధ్యాయ పదవి, ప్రధానోపాధ్యాయ పదవి, ఆపైన పర్యవేక్షణాధికారి పదవి.

హాజరుపట్టీ వెనక వేసిన లెక్క

నాతో పనిచేసిన ఒక మిత్రురాలికి ఉప ప్రధానోపాధ్యాయ పదవి ఇస్తామన్నప్పుడు, ఆమె పాత హాజరుపట్టీ ఒకటి తిరగేసి దాని వెనక లెక్క వేయడం మొదలుపెట్టారు. ఆ అంకెలు ఇక్కడ మార్చి చెబుతున్నాను. నిష్పత్తి మాత్రం దాదాపు అదే. ఉపాధ్యాయురాలిగా ఏడాదికి 190 పనిదినాలు, రోజుకు 100 చొప్పున 19,000. కొత్త పదవిలో ఏడాదికి 23,000. చూడగానే ఐదో వంతుకు పైగా పెంపు. కానీ కొత్త పదవిలో పనిదినాలు 225. భాగిస్తే రోజుకు 102. సాయంత్రం సమావేశాలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు, బస్సు ఆలస్యమైన రోజున గేటు దగ్గర నిలబడటం కలుపుకుంటే గంటకు వచ్చేది అప్పుడున్న జీతం కన్నా తక్కువే. "అయితే వద్దనుకుంటున్నారా?" అని అడిగాను. "పింఛను లెక్క వేయలేదింకా" అన్నారు.

ఈ రోజుల లెక్క గురించి ఒక మాట. చాలా చోట్ల ఉపాధ్యాయుల ఒప్పందం పది నెలలకే ఉంటుంది, పరిపాలకులది పదకొండు, పన్నెండు నెలలకు ఉంటుంది. పది నెలల కూలిని పన్నెండు భాగాలుగా చేసి నెలనెలా ఇవ్వడం వల్ల ఉపాధ్యాయులు సెలవుల్లో కూర్చుని జీతం తీసుకుంటున్నారన్న అపోహ పుడుతుంది. వాళ్ళు తీసుకునేది తాము ఇదివరకే సంపాదించి దాచినది. ఇది తెలిసినవారు కూడా మరో విషయాన్ని మరచిపోతుంటారు: ఉపాధ్యాయుడి జీతాన్నీ ప్రధానోపాధ్యాయుడి జీతాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు రోజులతో భాగించకపోతే ఆ పోలికకు అర్థం లేదు. సంఘాల కరపత్రాల్లో గానీ, యాజమాన్యాల ప్రకటనల్లో గానీ ఆ భాగహారం అరుదుగా కనిపిస్తుంది, ఎందుకంటే రెండు పక్షాలకూ అది అంతగా కలిసిరాదు.

ఇక పింఛను. ఆమెకు వర్తించే పద్ధతిలో సర్వీసులో ప్రతి ఏడాదికి రెండు శాతం చొప్పున, చివరి మూడేళ్ళ సగటు జీతం మీద పింఛను కడతారు. ముప్పై ఏళ్ళ సర్వీసుకు అరవై శాతం. చివరి జీతం 100 అయితే పింఛను 60. ఆఖరి మూడేళ్ళు పెద్ద పదవిలో ఉండి జీతం 120 అయితే పింఛను 72. ఆ మూడేళ్ళలో అదనంగా వచ్చే జీతం మొత్తం 60 మాత్రమే; విరమణ తర్వాత ఇరవై ఏళ్ళు బతికితే అదనంగా వచ్చే పింఛను 240. ఇష్టం లేని పని మూడేళ్ళు చేస్తే దానికి నాలుగింతల ఫలం ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు అందుతుందన్నమాట. ఆమె ఆ పదవి తీసుకున్నారు. ఆ పాఠశాలలో బీజగణితాన్ని ఆమెలా చెప్పగలిగినవారు మరొకరు లేరు.

ఇందులో ఆమె దురాశ ఏమీ లేదు. పట్టిక ఎటు తోసిందో అటు నడిచారు, అంతే. చివరి జీతం మీద కట్టే పింఛను, అనుభవం పండిన దశలో ఉన్న మనిషిని, అదీ సరిగ్గా ఆఖరి ఏళ్ళలో, తరగతిలోంచి బయటకు లాగేలా తయారైంది. అది ఎవరూ కావాలని పన్నిన పన్నాగం కాదు. పింఛనును ఒక శాఖవారు, పదోన్నతులను మరో శాఖవారు రాశారు. రెండూ కలిసి ఏం చేస్తున్నాయో చూసే పని ఎవరి బల్ల మీదా లేదు.

ఈ వాయిదా జీతానికి, అంటే పింఛనుకు, మరో వైపు కూడా చూడాలి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2011 జనవరి 1 తర్వాత చేరిన ఉపాధ్యాయులకు పదేళ్ళ సర్వీసు నిండితే గానీ పింఛను హక్కు రాదు, పూర్తి పింఛనుకు వయసు 67. మధ్యలో మానేసినవారికి తాము కట్టిన చందా తిరిగి వస్తుంది గానీ యాజమాన్యం వాటా ఊరికే మిగలదు. ఉండిపోయినవారి పింఛనుకు అది ఊతమవుతుంది. ఊరు మారవలసి వచ్చిన యువ ఉపాధ్యాయురాలు, ముప్పైయేళ్ళు కదలకుండా ఉన్న సహోద్యోగి పింఛనును కొంత మోస్తోందని దీనర్థం. అమెరికాలో ఉపాధ్యాయుల పింఛన్ల మీద పనిచేసిన ఆర్థికవేత్తలు రాబర్ట్ కాస్ట్రెల్, మైకేల్ పోడ్గర్‌స్కీ చూపించినది ఇదే: పింఛను సంపద, అంటే జీవితాంతం అందబోయే పింఛను మొత్తం విలువ, ఏటా సమంగా పెరగదు, కొన్ని వయసుల దగ్గర ఒక్కసారిగా ఎగసి, ఆ తర్వాత ఉద్యోగంలో కొనసాగితే తగ్గుతుంది. అంటే మనసు లేకున్నా కొందరిని ఒక వయసు దాకా కట్టిపడేస్తుంది, ఇంకా చెప్పాలన్న ఉత్సాహం ఉన్నవారిని మరో వయసులో ఇంటికి పొమ్మంటుంది.

ఫలితాన్ని కొలిచి ఇద్దామంటే

ఇక్కడిదాకా వచ్చినవారు సహజంగా అడిగే ప్రశ్న: అయితే బాగా చెప్పేవారికి ఎక్కువ ఇస్తే సరిపోతుంది కదా? ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో రాబర్ట్ లో (Lowe) అనే రాజకీయవేత్త 1862లో తెచ్చిన సవరణ నియమావళి ప్రకారం పాఠశాలకు వచ్చే గ్రాంటులో పెద్ద భాగం, ఇన్‌స్పెక్టరు ఎదుట ఒక్కొక్క పిల్లవాడు చదవడంలో, రాయడంలో, లెక్కల్లో ఉత్తీర్ణుడు కావడాన్ని బట్టి ఉండేది. ఒక్కో అంశానికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. గ్రాంటు తగ్గితే జీతం తగ్గేది. దాంతో పిల్లల చేత పరీక్షకు పెట్టే వాచకాన్ని కంఠతా పట్టించడం మొదలైంది. ఆ ఇన్‌స్పెక్టర్లలో ఒకరైన మాథ్యూ ఆర్నాల్డ్ ఈ యాంత్రికతను తన నివేదికల్లో గట్టిగా విమర్శించారు. 1890ల్లో ఆ పద్ధతిని వదులుకున్నారు.

అంత మాత్రాన ఫలితానికి ముడిపెట్టిన జీతం ఎక్కడా పనిచేయదని చెప్పలేను. నా వాదనకు అడ్డం వచ్చే ఆధారం మన దగ్గరే ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో 2005లో మొదలుపెట్టిన ప్రయోగంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పిల్లల మార్కుల పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇప్పించారు. ఆ బోనసు సగటున ఏడాది జీతంలో మూడు శాతమే. రెండేళ్ళ తర్వాత, బోనసు లేని పాఠశాలలతో పోలిస్తే ఆ పాఠశాలల మార్కులు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కుల మధ్య తేడాలు ఎంత ఉంటాయో చెప్పే కొలత) మేర మెరుగయ్యాయి. బోనసుతో సంబంధం లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాల్లోనూ పెరిగాయి. ఇది కేవలం బట్టీ ఫలితం అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

అమెరికాలోని నాష్‌విల్‌లో 2006 నుంచి మూడు విద్యాసంవత్సరాల పాటు జరిగిన ప్రయోగంలో మాధ్యమిక తరగతుల లెక్కల ఉపాధ్యాయులకు 15,000 డాలర్ల దాకా బోనసు పెట్టారు. మొత్తం మీద చూస్తే తేడా ఏమీ రాలేదు. మూడు శాతం బోనసు ఒకచోట పనిచేసి, అంత పెద్ద మొత్తం మరోచోట ఎందుకు పనిచేయలేదు? నాకు తోచిన కారణం ఇది. ఉపాధ్యాయుడు వస్తున్నాడా, వచ్చి పాఠం చెబుతున్నాడా అన్నదే సమస్య అయినచోట చిన్న తాయిలం కూడా ప్రయత్నాన్ని పెంచుతుంది. ఇప్పటికే శక్తికొద్దీ చెబుతున్నవారికి డబ్బు చూపించినంత మాత్రాన భిన్నాలను ఇంకా బాగా చెప్పడం ఎలాగో తెలిసిపోదు. ప్రయత్న లోపానికీ నైపుణ్య లోపానికీ ఒకే మందు పనిచేయదు.

బోనసు వల్ల వచ్చే మరో చిక్కును డెన్వర్ చూపించింది. ఒకే పట్టికను 1921లో తెచ్చిన అదే నగరం, 2005లో ఓటర్ల ఆమోదంతో ప్రోకాంప్ అనే పద్ధతికి మారింది. కష్టమైన పాఠశాలల్లో పనిచేసినందుకు, ఫలితాలు సాధించినందుకు, మూల్యాంకనం బాగున్నందుకు విడివిడిగా అదనపు మొత్తాలు. 2019 ఫిబ్రవరిలో అక్కడి ఉపాధ్యాయులు మూడు రోజులు సమ్మె చేశారు. వాళ్ళ ప్రధాన ఫిర్యాదు, వచ్చే ఏడాది తమ జీతం ఎంతో తమకే తెలియడం లేదన్నది. ఇల్లు కొనడానికి అప్పుకు వెళితే ఈ ఏడు వచ్చి మళ్ళీ రాకపోవచ్చనే బోనసును బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ పేద పిల్లలున్న పాఠశాలల్లో పనిచేసేవారికి ఇచ్చే బోనసును నిలబెట్టాలని యాజమాన్యం పట్టుబట్టడమూ అర్థంలేనిది కాదు. మూలవేతనం అందరికీ సమంగా పెంచితే ఆ పాఠశాలలకు అనుభవజ్ఞులు వెళ్ళరు. ఈ తగవులో ఎవరివైపు నిలబడాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

తరగతిలోనే ఉంచి పెంచినవారు

నేను కోరేది బోనసు కాదు. తరగతిలో ఉండగానే ఎక్కగలిగే, ఎక్కాక దిగనక్కరలేని పై మెట్టు. ఇది కూడా కొన్ని చోట్ల ప్రయత్నించినదే, అక్కడి అనుభవాలు అంత ఊరటనిచ్చేవి కావు.

స్కాట్లండులో 2001 ఒప్పందం ఫలితంగా చార్టర్డ్ టీచర్ అనే హోదా వచ్చింది. స్కేలు చివరికి చేరిన ఉపాధ్యాయులు తమ సొంత ఖర్చుతో ఉన్నత అధ్యయన భాగాలను పూర్తిచేస్తూ పోతే, మెట్టు మెట్టుగా జీతం పెరిగేది. పరిపాలన బాధ్యతలు మీద పడవు, తరగతి వదలనక్కరలేదు. నేను కాగితం మీద గీయమంటే ఇలాంటిదే గీసేవాడిని. దాదాపు పదేళ్ళకే, 2011లో సమీక్ష సంఘం దాన్ని ఎత్తేయమంది, ఎత్తేశారు. ఆ హోదా పొందినవారిలో మంచి ఉపాధ్యాయులు లేరని కాదు. మంచి ఉపాధ్యాయులందరూ అందులో లేరు, అందులో ఉన్నవారందరూ మేటి ఉపాధ్యాయులు కారు అన్నది అక్కడ బలపడిన అభిప్రాయం. ఎవరికి వారే దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు కట్టి వ్యాసాలు రాయగలిగితే చాలు. ప్రధానోపాధ్యాయుడి మాటకు అందులో చోటు లేదు, తోటివారికి నేర్పాలన్న బాధ్యతా లేదు. అధికారి పక్షపాతాన్ని తప్పించబోయి మళ్ళీ సర్టిఫికెట్టు దగ్గరికే చేరుకున్నారు.

ఇంగ్లండు 1998లో తెచ్చిన ఉన్నత నైపుణ్య ఉపాధ్యాయ పదవి ఇంకొంచెం ఆలోచించి చేసినది. బయటి పరిశీలకులు వచ్చి పాఠం చూసి నిర్ణయించేవారు. ఎంపికైనవారు తమ సమయంలో ఐదింట నాలుగు వంతులు తరగతిలోనే ఉండి, మిగిలిన వంతు ఇతర పాఠశాలల ఉపాధ్యాయులకు తోడ్పడేవారు. వారికి విడిగా వేతన శ్రేణి ఉండేది. నేను చదివిన ఏర్పాట్లలో నాకు బాగా నచ్చింది ఇదే. 2013లో వేతన నిర్ణయాధికారాన్ని పాఠశాలలకు వదిలిపెట్టే మార్పుల్లో ఇది కొట్టుకుపోయింది. దాని స్థానంలో పెట్టిన పదవులను ఇవ్వడం, ఇవ్వకపోవడం పాఠశాల ఇష్టం. బడ్జెటు బిగిసినప్పుడు ముందుగా కోతపడేవి ఇలాంటివే. అదే ఏడాది అక్కడ ప్రతి ఇంక్రిమెంటునూ పనితీరుకు ముడిపెట్టాలన్న నిబంధన వచ్చింది, 2024లో దాన్నీ తీసేశారు.

సింగపూర్ 2001 నుంచి మూడు దారులు పరచింది: బోధన, నాయకత్వం, ప్రత్యేక నైపుణ్యం. బోధన దారిలో సీనియర్ టీచర్, లీడ్ టీచర్, మాస్టర్ టీచర్ అంటూ మెట్లున్నాయి. దీన్ని ఆదర్శంగా చూపేవారు ఒక చిన్న విషయాన్ని దాటేస్తారు. పైకి వెళ్ళేకొద్దీ ఆ మెట్ల మీద ఉన్నవారి పని పిల్లలకన్నా తోటి ఉపాధ్యాయులతోనే ఎక్కువవుతుంది. బోధన దారి కూడా ఎత్తుకు వెళ్ళాక తరగతి కిటికీలోంచి బయటకే తిరుగుతోందన్నమాట. అయినా అక్కడ ఒక తేడా ఉంది: పాఠం గురించి లోతుగా తెలియడమే వాళ్ళను పైకి తీసుకెళ్ళింది, హాజరుపట్టీలూ ఫర్నిచరు లెక్కలూ కాదు.

ఈ మూడింటి నుంచి నాకు తేలింది, మదింపు లేని పై మెట్టు నిలవదని. మదింపు అనగానే ఉపాధ్యాయులు భయపడటంలో న్యాయం ఉంది. ఆ 1966 సిఫారసు పత్రం కూడా, ఉపాధ్యాయ సంఘాలను సంప్రదించి వాటి అంగీకారం పొందకుండా ప్రతిభ ఆధారంగా జీతం నిర్ణయించే పద్ధతిని తేవద్దంటుంది. అందుకే ఆ మదింపు సొంత పాఠశాల అధికారి చేతిలో ఉండకూడదు, పూర్తిగా పరీక్ష మార్కుల చేతిలోనూ ఉండకూడదు. అదే సబ్జెక్టు చెప్పే బయటి ఉపాధ్యాయులు ముందుగా చెప్పకుండా వచ్చి, ఒకసారి కాక ఏడాదిలో పలుమార్లు తరగతిలో కూర్చుని చూడాలి. ఖర్చవుతుంది, నిజమే. తరగతిలో కూర్చుని చూడటానికి ఖర్చు పెట్టలేమనే వ్యవస్థలు పరీక్షలు పెట్టి దిద్దించడానికి ఏటా పెట్టే ఖర్చుకు మాత్రం వెనకాడవు.

పరిపాలకుల జీతం తగ్గించమనడం లేదు

ఇదంతా చదివి ప్రధానోపాధ్యాయులకు ఎక్కువ ఇస్తున్నారన్నది నా ఫిర్యాదు అనుకుంటారేమో. కాదు. తరగతిలో జరిగిన పొరపాటుకు బాధ్యత తరగతి వరకే ఉంటుంది. పాఠశాలలో ఏం జరిగినా మొదటి ఫోను వెళ్ళేది ప్రధానోపాధ్యాయుడికే. అమెరికాలో చాలా జిల్లాల్లో ఉపాధ్యాయులకు శాశ్వత ఉద్యోగ భద్రత ఉంటుంది, ప్రిన్సిపాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఒప్పందం పొడిగిస్తారా లేదా అని ఎదురుచూస్తారు. ఆ అభద్రతకు కొంత ధర కట్టాలి. ఇంగ్లండులో ప్రధానోపాధ్యాయుల జీతాన్ని పిల్లల సంఖ్యను, వయసును బట్టి ఎనిమిది వర్గాలుగా విభజించి కడతారు. పెద్ద పాఠశాలకు పెద్ద జీతం అన్నది సబబుగానే కనిపిస్తుంది, కానీ ఐదుగురు ఉపాధ్యాయులున్న పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడే పాఠం చెప్పి, బిల్లులు రాసి, తలుపులకు తాళం కూడా వేసుకుంటాడు. పెద్ద పాఠశాలలో ఆ పనులకు ఆరుగురుంటారు. సంఖ్య పెరిగితే బాధ్యత పెరుగుతుంది, చేతిపని మాత్రం తగ్గుతుంది. సూత్రం మొదటిదాన్నే కొలుస్తుంది.

అందరికన్నా నష్టపోయేది ఉప ప్రధానోపాధ్యాయులు. ఉపాధ్యాయుడి భద్రతా ఉండదు, ప్రధానోపాధ్యాయుడి అధికారమూ ఉండదు. నేను చెప్పే రెండో దారి, అంటే తరగతిలోనే ఎక్కే పై మెట్టు, వస్తే ముందు ఖాళీ అయ్యే కుర్చీలు అవే కావచ్చునన్న భయం నాకూ ఉంది. తరగతిలోనే అంత జీతం వస్తుంటే ఈ చాకిరీకి ఎవరు వస్తారు? నా జవాబు ఏమిటంటే, పరిపాలన మీద నిజంగా ఆసక్తి ఉన్నవారు వస్తారు. తక్కువమంది వస్తే ఆ పనికి రోజు లెక్కన అసలు ధర ఎంతో అప్పుడు తేలుతుంది. ఇప్పుడు పింఛను ఆశే ఆ లోటును కప్పిపెడుతోంది.

డబ్బు పెంచితే చదువు పెరిగిందా?

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటి ఇండోనేషియా నుంచి వచ్చింది. అక్కడ 2005 చట్టం ప్రకారం ధ్రువీకరణ పొందిన ఉపాధ్యాయులకు మూలవేతనానికి సమానమైన భత్యం ఇచ్చారు, అంటే జీతం రెట్టింపు. 360 పాఠశాలల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఉపాధ్యాయుల్లో సంతృప్తి పెరిగింది, ఆర్థిక ఒత్తిడి తగ్గింది, రెండో ఉద్యోగం చేసేవారు తగ్గారు. పిల్లల చదువులో మాత్రం రెండు మూడేళ్ళకు కూడా తేడా రాలేదు. జీతం ఎందుకు పెంచాలి అనేవారికి ఇది బ్రహ్మాస్త్రం.

నేను దీన్ని మరోలా చదువుతాను. ఆ పెంపు ధ్రువపత్రానికి ముడిపడింది, పాఠానికి కాదు. వచ్చాక పోయేది కాదు, పైన ఎక్కడానికి ఇంకేమీ మిగల్చలేదు. ఉన్నవారికే ఒకేసారి ఇచ్చారు కాబట్టి వాళ్ళు చెప్పే తీరు మారడానికి కారణం కనబడదు. జీతం వల్ల రావలసిన అసలు మార్పు, కాలేజీ చదువుతున్న తెలివైన అమ్మాయి ఏ ఉద్యోగం వైపు చూస్తుందన్న దాంట్లో వస్తుంది. దాన్ని మూడేళ్ళ అధ్యయనం పట్టుకోలేదు. అయితే ఈ వాదనలో సౌకర్యం ఎక్కువని నాకు తెలుసు. ఫలితం ఇరవై ఏళ్ళకు కనబడుతుందని చెప్పేవాడిని ఈ ఏడాది బడ్జెటు రాసేవాడు నమ్మాలని లేదు.

అందుకే ముందుగా ఖర్చు లేని పని నుంచి మొదలుపెట్టమంటాను. ఇంగ్లండు, వేల్సుల్లో ఉపాధ్యాయుల పింఛను పథకాన్ని 2015 ఏప్రిల్ 1 నుంచి చివరి జీతం పద్ధతి నుంచి ఉద్యోగకాలమంతటి సగటు జీతం పద్ధతికి మార్చారు. ఏటా సంపాదించిన దాంట్లో 57వ వంతు ఆ ఏటి పింఛనుగా జమవుతుంది, ధరలను బట్టి అది పెరుగుతూ ఉంటుంది. అక్కడ దాన్ని తెచ్చింది పొదుపు కోసమే, ఉపాధ్యాయుల మేలు కోసం కాదు. సంఘాలు వ్యతిరేకించడానికి కారణాలున్నాయి. కానీ నా మిత్రురాలి హాజరుపట్టీ లెక్కను ఈ సూత్రంతో వేస్తే, మూడేళ్ళు పెద్ద పదవిలో చేసినందుకు ఆ మూడేళ్ళ వాటా మాత్రమే పెరుగుతుంది: 12కు బదులు ఏడాదికి దాదాపు 1. చివరి ఏళ్ళలో తరగతి వదలమని తోసే బలం అక్కడితో పోతుంది. మొత్తం ఖర్చును తగ్గించకుండా, ఆ మిగులును స్కేలు చివరి మెట్టు మీద ఆగిపోయినవారికి పైన ఇంకో రెండు మెట్లు కట్టడానికి వాడితే, సంఘాలు ఈ సూత్రానికి ఒప్పుకునే అవకాశం ఉందని నా అంచనా. చిన్న పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయ బాధ్యతను నాలుగైదేళ్ళ గడువుతో భత్యం ఇచ్చి అప్పగించి, గడువు తీరాక అదే మెట్టు మీద తిరిగి తరగతికి రానిచ్చే ఏర్పాటుకు కూడా ఈ పింఛను సూత్రమే వీలు కల్పిస్తుంది, ఎందుకంటే అప్పుడు పదవి దిగిరావడం వల్ల పింఛను పడిపోదు.